హాజరు పట్టీలో పదో పేరు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లలో వ్యాపారం చేసేవాళ్లకూ, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకూ కలిపి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. మనిషికి జబ్బు చేస్తే ఖర్చు ఎవరు భరించాలి, ఎంత భరించాలి అన్న విషయంలో కొన్నేళ్లుగా చట్టాలు మారుతున్నాయి. ఆ మార్పులు దుకాణం మీద, మిల్లు మీద, హోటలు మీద ఎలా పడుతున్నాయో చూద్దాం.

నేను చిన్న వ్యాపారుల జీతాల లెక్కలు రాసే పనిలో ఉన్నవాణ్ణి. మా ప్రాంతంలో హాజరు పట్టీ తెరిస్తే తరచూ కనిపించే అంకె తొమ్మిది. గల్లా దగ్గర గుమస్తా, సామాను కట్టే కుర్రాళ్లు, ఊడ్చే అమ్మ, రాత్రి కాపలా ఉండే పెద్దాయన, అందరినీ కళ్లతో లెక్కపెడితే పద్నాలుగో పదిహేనో తేలతారు. పట్టీలో మాత్రం తొమ్మిది పేర్లే. పదో పేరు రాస్తే ఈఎస్ఐ మీద పడుతుందని యజమాని భయం. ఆ భయంలో నిజం ఎంత, పేరు రాయకపోతే ఎవరికి ఎంత నష్టం అన్నదే నేను మాట్లాడబోయేది.

ఈఎస్ఐ అంటే ఉద్యోగుల రాజ్య బీమా. నిన్న మొన్న పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, ఫ్యాక్టరీ కార్మికులకు ఆరోగ్య బీమా ఎలా ఉండాలో చెప్పమని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పటి ప్రభుత్వం బాధ్యత అప్పగించింది. వైస్రాయి మండలిలో కార్మిక శాఖ అప్పుడు డాక్టర్ అంబేద్కర్ చేతిలో ఉంది. మరుసటి ఏడు నివేదిక వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చట్టమైంది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో అమలు మొదలైంది. పెద్ద ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఆ చట్టం మెల్లమెల్లగా మన వీధిలోని దుకాణం దాకా వచ్చింది. కరెంటుతో నడిచే యంత్రాలుంటే ఒక లెక్క, లేకుంటే ఇంకో లెక్క అన్న తేడాను 2010లో తీసేశారు. పదిమంది పనిచేసే చోటల్లా చట్టం వర్తిస్తుంది.

ఇక డబ్బు లెక్క. శ్రోతలు కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది. నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉన్నవాళ్లు ఈఎస్ఐలోకి వస్తారు. ఈ హద్దు 2017 జనవరి 1 నుంచి వచ్చింది. జీతంలో నూటికి 75 పైసలు పనిచేసే మనిషి వాటా, మూడు రూపాయల పావలా యజమాని వాటా. రెండూ కలిపితే నూటికి నాలుగు. 2019 జూలై 1కి ముందు ఇది నూటికి ఆరున్నర ఉండేది, అందులో యజమాని వాటా 4 రూపాయల 75 పైసలు. నేటికీ ఆ పాత రేటును తలుచుకుని వెనకాడే వ్యాపారులు నాకు తెలుసు. రేటు తగ్గి ఇన్నేళ్లయినా ఆ సంగతి వాళ్ల దాకా చేరలేదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక దుకాణంలో పన్నెండు మంది, ఒక్కొక్కరికి 15 వేల జీతం. నెలకు మొత్తం జీతాలు లక్షా ఎనభై వేలు. యజమాని వాటా 5,850 రూపాయలు. పనివాళ్లందరి వాటా కలిపి 1,350. అంటే ఒక్కో మనిషి కోసం యజమాని నెలకు పెట్టేది 500 లోపే. ఇది చిన్న మొత్తమని నేను అనను. కిరాయి, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ కట్టుకుంటూ, పండగ అమ్మకాల మీద ఆశ పెట్టుకుని బతికే దుకాణానికి నెలకు ఆరు వేలు బరువే. ఆ బరువుకు బదులుగా ఏమొస్తుందో తెలిస్తేనే కట్టాలా వద్దా అన్న ఆలోచన సరిగా సాగుతుంది. మన దగ్గర ఆ రెండో సగం ఎవరూ చెప్పరు.

చెప్పబోతే నాకు ఎదురయ్యే మొదటి మాట, "మావాళ్లందరికీ తెల్లకార్డు ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, మళ్లీ ఈ ఈఎస్ఐ ఎందుకండీ?" అని. అడగవలసిన ప్రశ్నే. తెలుగు నేల మీద వైద్యంలో వచ్చిన అతి పెద్ద సంస్కరణ ఆరోగ్యశ్రీయే. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్ అంటే ఉన్న కాస్త పొలం అమ్ముకోవడమే అన్న రోజుల్లో వచ్చిన పథకం అది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరు 9న 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆ పథకం ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో మన ఊళ్లలో ప్రతి వాడకట్టుకూ తెలుసు. దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు.

అయితే ఆరోగ్యశ్రీ చూసేది ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోజుల్ని. ఆపరేషన్ చేయిస్తుంది, జాబితాలో ఉన్న పెద్ద జబ్బులకు చికిత్స చేయిస్తుంది. ఇంటికొచ్చాక రెండు నెలలు బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్తాడు. ఆ రెండు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, పిల్లవాడికి జ్వరం, భార్యకు నడుంనొప్పి, ఈ రోజువారీ వైద్యం ఎవరు చూడాలి? అప్పు అక్కడ పుడుతుంది. ఆ అప్పు కోసం మనిషి వచ్చేది మళ్లీ మన సేటు దగ్గరికే. అడ్వాన్సు అంటాడు. యజమాని కాదనలేడు, ఇచ్చింది తిరిగి రాబట్టుకోనూ లేడు. మన వ్యాపారుల పుస్తకాల్లో పాత అడ్వాన్సులు ఎన్ని పేరుకున్నాయో వాళ్లనే అడగండి. వాటిలో చాలావాటి వెనక ఒక జబ్బు ఉంటుంది. వైద్యం ఖర్చును యజమాని ఇప్పటికే భరిస్తున్నాడు. చట్టం లేకుండా, లెక్క లేకుండా, రసీదు లేకుండా భరిస్తున్నాడు, అంతే.

ఈఎస్ఐ ఆ ఖాళీలోకి వస్తుంది. పేరు నమోదైన మొదటి రోజు నుంచే మనిషికి వైద్యం అందాలని నియమం. చికిత్స ఖర్చుకు పై హద్దు లేదు. మందులు అందులోనే. కుటుంబానికీ వర్తిస్తుంది, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది నగదు. జబ్బుచేసి పనికి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 వంతు చేతికి వస్తుంది. రోజుకు 500 వచ్చే మనిషి మంచం పడితే రోజుకు సుమారు 350 రూపాయలు. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలపు జబ్బులైతే నూటికి 80 వంతు, రెండేళ్ల దాకా. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు ఇంట్లో ఉండాల్సి వస్తే నూటికి 90 వంతు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. జబ్బు రోజుల నగదు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు చందా కట్టి ఉండాలి. అంతేకాదు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు ఫలితం ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. మనిషి పడిపోయాక పరుగెత్తి పేరు రాయిస్తే ఆ డబ్బు రాదు. "అవసరమైనప్పుడు రాయిద్దాంలే" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. సూర్యాపేటలో బట్టల షోరూములు, ప్రైవేటు బడులు, నర్సింగ్ హోములు నడిచేది ఎక్కువగా ఆడపిల్లల కష్టం మీద. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచి సంస్కరణ. కానీ ఈఎస్ఐ లేని చోట ఆ ఆరు నెలల జీతం యజమాని జేబులోంచే పోవాలి. 12 వేల జీతానికి ఆరు నెలలంటే 72 వేలు. చిన్న బడి నడిపేవాళ్లు ఏం చేస్తున్నారు? కొత్తగా పెళ్లయిన పిల్లను పనిలో పెట్టుకోవడానికే వెనకాడుతున్నారు. పెట్టుకున్నా, కడుపుతో ఉందని తెలియగానే మానిపిస్తున్నారు. ఆ టీచరమ్మ పేరు ఈఎస్ఐలో ఉండి, అవసరమైన రోజుల చందా కట్టి ఉంటే ఆ 26 వారాల పూర్తి జీతం ఈఎస్ఐ ఇస్తుంది. యజమాని మీద ఒక్క రూపాయి పడదు. ఈ ఒక్క సంగతి మన బళ్ల కరస్పాండెంట్లకు సరిగా చేరితే ఎంతమంది ఆడపిల్లల ఉద్యోగాలు నిలబడతాయో ఆలోచించండి.

ఇప్పుడు మిర్యాలగూడకు వద్దాం.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారాకే మిర్యాలగూడ మిల్లుల ఊరైంది. ఉప్పుడు బియ్యానికి ఈ ఊరి పేరు దేశమంతా తెలుసు. ఆసియాలోనే పెద్ద మిల్లుల సమూహాల్లో ఒకటని చెప్పుకుంటాం. వానాకాలం పంట, యాసంగి పంట వచ్చినప్పుడు రోడ్ల మీద ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరడం మనం చూసేదే. ఆ ధాన్యం బియ్యమై లారీ ఎక్కేలోపు మోసే భుజాల్లో బీహారు నుంచి వచ్చినవాళ్లవి చాలా ఉన్నాయి. బాయిలర్ వేడి, డ్రైయర్ దగ్గర దుమ్ము, ఊక బూడిద, ఎత్తుగా పేర్చిన బస్తాలు, తిరిగే బెల్టులు. ఆ పని ఎంత కష్టమో అక్కడ ఒక పూట నిలబడ్డవాడికి తెలుస్తుంది.

ఈ మనుషులకు తెలంగాణ రేషన్ కార్డు ఉండదు. కనుక ఆరోగ్యశ్రీ లేదు. సొంత రాష్ట్రంలో ఇచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే ఇక్కడ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చూపించుకోవచ్చని నియమం ఉంది గానీ, భాష రాని ఊళ్లో ఆ ఆసుపత్రి ఏదో, ఆ కౌంటరు ఎక్కడో చెప్పేవాళ్లెవరు? జ్వరమొస్తే మెడికల్ షాపులో అడిగి గోలీ వేసుకుంటారు. తగ్గకపోతే రైలెక్కుతారు. ఈఎస్ఐకి రాష్ట్రాల హద్దు లేదు. మిర్యాలగూడ మిల్లులో చందా కట్టిన మనిషి భార్యాబిడ్డలు బీహారులో ఉంటే అక్కడి ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు. అతను రేపు సూరత్‌కు పోయినా, చెన్నైకి పోయినా అదే బీమా నంబరు వెంట వస్తుంది. వలస మనిషికి దేశంలో ఇంతగా తోడుండే పథకాలు చాలా తక్కువ. మన మిల్లుల్లో పనిచేసే వలస కూలీలందరి చేతిలో ఆ నంబరు ఉండాలని నా కోరిక.

"వాళ్లు మా పనివాళ్లు కారు, ముఠా మేస్త్రి తెచ్చిన మనుషులు" అని మిల్లు యజమానులు అంటారు. బస్తాకు ఇంత అని మేస్త్రికి లెక్క కడతారు కాబట్టి హాజరు పట్టీలో వాళ్ల పేర్లుండవు. ఈ మాట కోర్టుల్లో నిలవలేదు, అదీ మన తెలుగు నేల మీద పుట్టిన కేసుల్లోనే. హైదరాబాదులోని రాయల్ టాకీస్ కేసు ఒకటి. సినిమా హాల్లో క్యాంటీను, సైకిల్ స్టాండు కాంట్రాక్టుకు ఇచ్చాం, వాళ్ల పనివాళ్లతో మాకేం సంబంధం అని థియేటరు వాళ్లు వాదించారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాస్తూ వాళ్లూ ఈఎస్ఐ కిందికే వస్తారన్నారు. రెండోది రాజ్‌కమల్ ట్రాన్స్‌పోర్ట్ కేసు, 1996 నాటిది. అదీ హైదరాబాదు ఈఎస్ఐతో వచ్చిన తగువే. లారీ ట్రాన్స్‌పోర్టులో సరుకు ఎత్తి దించే హమాలీల గురించి. ఆ సంస్థ పని కోసం, ఆ సంస్థ అదుపులో బరువులు ఎత్తే హమాలీలు కూడా ఉద్యోగులేనని సుప్రీంకోర్టు తేల్చింది. కాంట్రాక్టు మనుషుల చందా ముందు అసలు యజమాని కట్టాలి, ఆ తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవచ్చు. యజమాని వాటాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూలీ డబ్బులోంచి కోయకూడదు. ఇది చట్టం స్పష్టంగా చెప్పిన మాట.

ఇక యజమానులకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ప్రమాదాల సంగతి. మిల్లులో ముప్పై ఏళ్ల మనిషి ప్రమాదంలో చనిపోయాడనుకుందాం, మాట వరసకు. అతను ఈఎస్ఐలో లేకపోతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. 1923లో వచ్చిన నష్టపరిహార చట్టంలోని లెక్కే నేటికీ నడుస్తోంది. జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో గుణిస్తారు. లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం 2020 జనవరి నుంచి 15 వేలు. ముప్పై ఏళ్ల వయసుకు గుణకం 207.98. ఏడు వేల ఐదు వందలను దాంతో గుణిస్తే 15 లక్షల 59 వేల 850 రూపాయలు. ఆలస్యమైతే నూటికి 12 వడ్డీ, కారణం లేకుండా ఆపితే జరిమానా అదనం. ఆ బాధ్యత మొత్తం యజమానిదే.

అదే మనిషి ఈఎస్ఐలో ఉంటే చట్టం ఆ భారాన్ని యజమాని మీంచి తీసేస్తుంది. పరిహారం ఈఎస్ఐ చెల్లిస్తుంది. అతని భార్యకు, పిల్లలకు నెలనెలా పింఛను వస్తుంది. ఇందాక మనం వేసుకున్న లెక్కలో పన్నెండు మందికి యజమాని ఏడాదికి కట్టే వాటా 70,200 రూపాయలు. ఒక్క ప్రమాదం పరిహారం ఇరవై రెండేళ్ల చందాతో సమానం. చందా దండగ అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూసుకోవాలి. ఇలాంటి సందర్భంలో మన ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు, ఒక మొత్తం అనుకుంటారు, శవం ఊరికి చేరుతుంది. ఆ మొత్తం ఇటు కుటుంబానికి చాలదు, అటు యజమానికీ నిశ్చింత ఇవ్వదు. ఆ భార్యకు చట్టప్రకారం రావలసిన జీవితకాలపు పింఛను అక్కడే ఆగిపోతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. పదో పేరు రాయనందువల్ల కలిగే అసలు నష్టం ఇదే.

ఇక చట్టంలో వచ్చిన కొత్త మార్పులు. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలో ఒకటైన సామాజిక భద్రత కోడ్‌లోకి ఈఎస్ఐ చట్టం కలిసిపోయింది. వెనక ఈఎస్ఐ కొన్ని నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే ఉండేది. కోడ్ ప్రకారం అది దేశమంతటికీ. పదిమంది నియమం అలాగే ఉంది. ప్రమాదకరమని ప్రభుత్వం నోటిఫై చేసిన పని అయితే ఒక్క మనిషి ఉన్నా వర్తిస్తుంది. చిన్నవాళ్లకు ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట కూడా యజమాని, పనివాళ్లు కలిసి ఇష్టపడితే ఈఎస్ఐలో చేరవచ్చు. నిజంగానే ఆరుగురితో నడిచే కోదాడ మెకానిక్ షెడ్డుకు ఇదివరకు తలుపు మూసి ఉండేది, ఇప్పుడు తెరుచుకుంది. నలభై దాటిన పనివాళ్లకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలన్న నియమం కూడా కోడ్‌లతో పాటే వచ్చింది. పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. కాగితం మీద మనిషి లేడని చెప్పడం రానురాను కష్టమవుతుంది.

ఒకసారి సంఖ్య పదికి చేరి చట్టం వర్తించాక, తర్వాత మనుషులు తగ్గినా అది వదలదు. అందుకే పాత బకాయిలన్నీ తవ్వి తీస్తారేమోనని చాలామంది ముందుకు రారు. ఆ జంకు పోగొట్టడానికే 2025 జూలైలో స్ప్రీ అనే నమోదు అవకాశం ఇచ్చారు. ఆ గడువులో పేరు రాయించుకున్నవాళ్లను పాత లెక్కలు అడగబోమని మాటిచ్చారు. అలాంటి అవకాశం ఇచ్చినప్పుడు జిల్లా కేంద్రంలో ఒక సమావేశం పెట్టి ఊరుకోకూడదు. మార్కెట్ యార్డులో, మిల్లర్ల సంఘంలో, హోటళ్ల సంఘంలో కూర్చుని తెలుగులో చెప్పాలి.

మన కోదాడ, సూర్యాపేట ఇళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ 2010లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఆరోగ్య చట్టంలోనూ మన పదిమంది నియమం లాంటి హద్దు ఉంది. యాభై మంది పూర్తికాలపు ఉద్యోగులుంటే యజమాని బీమా ఇవ్వాలి, లేదా అపరాధ రుసుము కట్టాలి. వారానికి 30 గంటలు పనిచేస్తే పూర్తికాలపు ఉద్యోగి కింద లెక్క. హద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లు నలభై తొమ్మిది దగ్గర ఆగడానికీ, పని గంటలు 30 కన్నా తగ్గించడానికీ ఎందుకు చూస్తారో మన తొమ్మిది పేర్ల పట్టీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అయితే తేడా ఒకటుంది. అక్కడ చిన్న యజమాని బీమా కంపెనీ దగ్గర పాలసీ కొనాలి. పనివాళ్ల వయసు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. మన ఈఎస్ఐలో జీతాన్ని బట్టి శాతం, అంతే. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకీ, సూర్యాపేట టిఫిన్ హోటలుకూ ఒకటే రేటు. పనిలో ముసలాయన ఉన్నా, జబ్బు మనిషి ఉన్నా చందా పైసా పెరగదు. చిన్న వ్యాపారికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ప్రైవేటు బజారులో దొరకదు. అక్కడి చట్టంలో మనం నేర్చుకోవలసిందీ ఒకటుంది. ఇరవై ఐదు మంది కన్నా తక్కువ ఉన్న చిన్న యజమాని బీమా కొంటే అతనికి పన్నులో రాయితీ ఇచ్చే ఏర్పాటు పెట్టారు. చిన్నవాడికి అదనపు చేయూత కావాలని ఆ చట్టం గుర్తించింది.

ఇంతవరకు యజమానులకు చెప్పాను. ఇప్పుడు వాళ్ల తరఫున మాట్లాడాలి. ఎందుకంటే వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది.

"కట్టించుకుంటారు సరే, చూపించుకోవడానికి ఎక్కడికి పోవాలి?" అని అడుగుతారు. పెద్ద జబ్బు అంటే సనత్‌నగర్, నాచారం ఆసుపత్రుల పేర్లే వినపడతాయి. సూర్యాపేట నుంచి హైదరాబాదు నూట ముప్పై కిలోమీటర్ల పైమాటే. కోదాడ నుంచి ఇంకా దూరం. జ్వరంతో ఉన్న కూలీ ఒక రోజు పని, బస్సు చార్జీలు పోగొట్టుకుని అంత దూరం వెళ్లడు. మందుల సంగతి మరొకటి. తెలంగాణలో ఈఎస్ఐ డిస్పెన్సరీలు నడిపే బీమా వైద్య సేవల విభాగంలో మందుల కొనుగోళ్ల కుంభకోణం బయటపడి, 2019లో ఏసీబీ ఆ విభాగం డైరెక్టరునే అరెస్టు చేసింది. అది పనివాళ్ల చందాతో, యజమానుల చందాతో కొన్న మందు. ఆ వార్త విన్న వ్యాపారి నమ్మకం సడలితే తప్పు అతనిది కాదు.

నియమాల్లో దారులు లేకపోలేదు. పది కిలోమీటర్ల లోపు ఈఎస్ఐ ఆసుపత్రి, డిస్పెన్సరీ లేనిచోట ఉండే సభ్యులు ఈఎస్ఐతో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రిఫరల్ చీటీ లేకుండానే నేరుగా వెళ్లవచ్చని కొన్నేళ్ల కిందే నిర్ణయించారు. ఆయుష్మాన్ భారత్ జాబితాలోని ఆసుపత్రుల్లో ఈఎస్ఐ సభ్యులకూ వైద్యం అందేలా రెండింటినీ కలిపే పని చేపట్టామని 2024లో కేంద్రం చెప్పింది. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దానికి పెద్ద ఆసుపత్రి ఉంది. మిర్యాలగూడలో ఏరియా ఆసుపత్రి ఉంది. కోదాడలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఈ మూడు చోట్లా ఈఎస్ఐ సభ్యుల కోసం ఒక కౌంటరు పెట్టి, కార్డు చూపిస్తే వైద్యం, మందులు ఇచ్చి, ఆ ఖర్చును ఈఎస్ఐ నుంచి తెప్పించుకునే ఏర్పాటు చేస్తే కొత్త భవనం కట్టే దాకా ఎదురు చూడనక్కర్లేదు. మిల్లర్ల సంఘమూ హమాలీ సంఘమూ జీతాల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటాయి. ఈ కోరిక దగ్గర మాత్రం ఒకే అర్జీ మీద రెండూ సంతకం పెట్టాలి. చందా కట్టేది ఇద్దరూ కదా.

ఇంకొక వర్గం మిగిలింది. వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. మిల్లులో బాయిలర్ ఆపరేటర్‌కు నెలకు 22 వేలు వస్తాయి. 21 వేలు దాటాడు కాబట్టి ఈఎస్ఐ లేదు. తెలంగాణలో తెల్లకార్డుకు, అంటే ఆహార భద్రత కార్డుకు, ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. అతని ఆదాయం రెండున్నర లక్షలు దాటింది కాబట్టి ఆ కార్డుకు అర్హుడు కాడు, దాంతో వచ్చే ఆరోగ్యశ్రీ కూడా లేదు. నైపుణ్యం నేర్చుకుని నాలుగు రాళ్లు ఎక్కువ సంపాదించినందుకు రెండు పథకాలూ చేజారిపోయాయి. ఈఎస్ఐ హద్దు పెంచితే మా వాటా పెరుగుతుందని వ్యాపార సంఘాలు వెనకాడవచ్చు. కానీ ఆ బాయిలర్ ఆపరేటర్ దొరక్క మిల్లు ఆగిన రోజున పోయేదెంతో వాళ్లకు తెలియనిది కాదు. హద్దు పెంచమని అడగవలసింది వాళ్లే.

దుకాణం యజమాని పరిస్థితీ అంతే. తన దగ్గర పనిచేసేవాళ్లకు బీమా కడతాడు. తాను యజమాని కాబట్టి తనకు ఈఎస్ఐ లేదు, ఆదాయం పరిమితి దాటితే తెల్లకార్డూ లేదు. కిరాణా కొట్టు నడిపే మనిషికి గుండెపోటు వస్తే దుకాణంలోని సరుకు ఆసుపత్రి బిల్లుకు పోతుంది, దాంతో పాటు అందులో పనిచేసే నలుగురి ఉపాధీ పోతుంది. ఇతనికి ఉన్న దారి సొంతంగా పాలసీ కొనుక్కోవడమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద 18 శాతం జీఎస్టీని పూర్తిగా తీసేశారు. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే పాలసీలకూ అది వర్తిస్తుంది. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన వ్యాపారులు ఇప్పుడైనా తమకూ ఇంట్లోవాళ్లకూ పాలసీ తీసుకోవాలి.

కానీ యజమాని తన పనివాళ్లందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీ మీద ఆ 18 శాతం అలాగే ఉంచారు. తనకోసం కొనుక్కుంటే పన్ను లేదు, పనివాళ్ల కోసం కొంటే పన్ను ఉంది. ఈఎస్ఐ తప్పనిసరి కాని ఏడుగురి దుకాణంలో, 21 వేలు దాటిన నలుగురి కోసం, మంచి మనసుతో పాలసీ కొందామని ముందుకొచ్చిన చిన్న యజమాని మీద ఈ పన్ను ఎందుకు? కనీసం పదిమంది లోపు పనివాళ్లున్న సంస్థలు కొనే గ్రూపు పాలసీలకైనా దీన్ని తీసేయమని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వర్తక సంఘాలు జీఎస్టీ కౌన్సిల్‌కు రాయాలి. ఆ కౌన్సిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వానికీ ఒక స్థానం ఉంది. ఉత్తరం మన మంత్రుల ద్వారానే పంపవచ్చు.